ఏ కామెర్లు కావంట

మా మందిరంలో స్త్రీల సమాజం వాళ్ళు "మీ ఇంట్లో జరిగింది రాసివ్వండమ్మా, నలుగురికీ పనికొస్తుంది" అని చాలాసార్లు అడిగారు. రాయడం నాకు పెద్దగా రాదు. మిషన్ బోర్డింగులో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత మా నాయన పొలం పనికి పిలిపించుకున్నాడు. బైబిలు చదువుకోవడానికి, సరుకుల చీటీ రాసుకోవడానికి ఆ చదువు సరిపోయింది. అందుకే వాయిదా వేస్తూ వచ్చానని చెప్పుకోవచ్చు. కానీ అసలు కారణం వేరు. ఆ రోజులు మళ్ళీ తలుచుకోవాలని లేదు. అయినా రాస్తున్నాను. మా ఇంటిని ముంచింది ఒక్క అక్షరం. ఇంకో ఇంటిని ముంచకూడదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగిన మాట ఇది. అప్పటికి మా లాంటి ఇళ్ళలో ఫోన్లు లేవు. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో, పై అంతస్తులో రెండు గదులు మావి, కిరాయికి. మా ఆయన ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేసి, అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. మా అబ్బాయి సుధాకర్ ఆబిడ్స్‌లోనే చెప్పుల దుకాణంలో పని. కోడలు ప్రమీలది మెదక్. పెళ్ళయిన నాలుగేళ్ళకు నీళ్ళోసుకుంది. ఆ ఏడు వానలు పడేనాటికి ఆరో నెల నిండుతోంది.

నేను గట్టి మనిషినని గల్లీ అంతా అనుకునేది. మనిషి లేని గదిలో దీపం వెలిగితే ఊరుకోను. పండ్లు కావాలంటే మొజంజాహీ మార్కెట్‌కు పొద్దు వాలినాక వెళ్ళేదాన్ని, అప్పుడైతే బేరం కుదురుతుంది. మా అబ్బాయి కూడా నా ముందు గొంతు పెంచడు. ప్రమీల ఒక్కతే నన్ను ఆటపట్టించేది. "అత్తమ్మ నవ్విందంటే నాంపల్లిల రైలు ఆగుతది" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో నా ముందే అనేది. నేను కసిరేదాన్ని. ఆ పిల్ల లేనప్పుడు ఇల్లు బోసిపోయి ఉండేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జూన్ నెలలో గల్లీ తవ్వారు. ఎందుకు తవ్వారో, ఎందుకు పూడ్చకుండా పోయారో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నల్లా నీళ్ళకు మోరీ మురుగు వాసన మొదలైంది. కాసేపు వదిలేస్తే వాసన పోయేది. అందరం బిందె మూతికి గుడ్డ కట్టి వడపోసుకున్నాం. గుడ్డలో ఏమీ మిగలకపోతే నీళ్ళు శుభ్రమైనట్టే అనుకునే రోజులు అవి.

ముందు నాకు జ్వరం వచ్చింది. తర్వాత అన్నం సయించలేదు. పోపు వాసన వస్తే చాలు, కడుపులో దేవేది. ఇంతకు ముందు కూడా జ్వరాలు చూశాను, కానీ ఇలా మంచం మీంచి కాలు కింద పెట్టాలంటే భయపడింది ఎప్పుడూ లేదు. నాలుగో నాడో ఐదో నాడో ప్రమీల నా ముఖం కిటికీ వైపు తిప్పి చూసింది.

"అత్తమ్మా, మీ కళ్ళేంది గట్ల పచ్చగున్నయి?"

"ఈ వయసుల కళ్ళు పాలలెక్క ఉంటయా? పో, పని చూస్కో."

"నేను పని చూస్కుంటగని, మీరు డాక్టరుకు చూపించుకోండ్రి. మీ కొడుకుకు చెప్తనా, మీరే పోతరా?"

సుధాకర్ నన్ను ఆబిడ్స్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మెట్లెక్కి పైకి వెళ్ళాలి. బల్లల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. నాలాగే నీరసపడి గోడకు తల ఆనించుకున్న వాళ్ళు కొందరు. ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకున్నాం. అందరి కళ్ళూ ఒకటే రంగు.

డాక్టరు నిదానం గల మనిషి. కంటి రెప్ప కిందికి లాగి చూసి, కడుపు నొక్కి చూసి, "కామెర్లలాగే ఉన్నాయమ్మా. ఏ రకమో రక్తం పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగాడు. కోడలి సంగతి చెప్పాను. ఆయన రాయడం ఆపాడు.

"ఇంట్లో అందరూ నీళ్ళు మరిగించి, చల్లార్చి తాగండి. సంగతి తేలేదాకా ఆ అమ్మాయిని పుట్టింటికి పంపడం మంచిది. కొన్ని రకాల కామెర్లు కడుపుతో ఉన్నవాళ్ళకు చాలా ప్రమాదం."

రక్తం ఇచ్చి, ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. ప్రమీలకు ఇష్టం లేదు. కానీ సుధాకర్ పట్టుపట్టాడు. చీరలు, మందులు సంచిలో సర్దుకుంది. మర్నాడు మెదక్ బస్సు ఎక్కించాలని అనుకున్నాం. నీళ్ళు కాచడం మొదలుపెట్టాం.

మా ఇంటి కింద సత్తన్న ఫోన్ల డబ్బా ఉండేది. గల్లీలో అందరం అతని నంబరే ఇచ్చేవాళ్ళం. ఫోను వస్తే అతను మెట్ల దగ్గర నిలబడి పైకి అరిచి చెప్పేవాడు. పాపం, విసుక్కునేవాడు కాదు. ఆ సాయంత్రం కూడా అలాగే అరిచాడు.

"అమ్మా! ఓ అమ్మా! డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఏ కామెర్లు కావంట!"

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ప్రమీల వరండాలోకి పరుగెత్తింది.

"ఏమన్నవ్ సత్తన్నా? మల్ల చెప్పు!"

"ఏ కామెర్లు కావంట చెల్లె. కంపౌండరు గట్లనే చెప్పిండు."

"ఏ కామెర్లు కావా?"

"ఔ, ఏ కామెర్లు కావు. ఇంకొకపారి వచ్చి కలవమన్నరు."

ఇలా మూడుసార్లు అడిగి, మూడుసార్లు చెప్పించుకున్నాం. అతను ఒక్క అక్షరం మార్చలేదు. మేము ఒక్క అక్షరం తప్పు వినలేదు. ఏ కామెర్లు కావు అంటే మా భాషలో అర్థం ఒకటే గదా. ఏ రకం కామెర్లూ కావని.

ప్రమీల చప్పట్లు కొట్టింది. సంచి బోర్లించి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

"ఇగ నేనెందుకు పోవాలె మెదక్? నేను పోతే మీకు జావ ఎవరు కాస్తరు? మీ కొడుకా? చెప్పులకు పాలిష్ కొట్టినట్టు గిన్నెలు మాడ్చి పెడ్తడు."

సుధాకర్ దుకాణం నుంచి వచ్చాక "మల్ల కలవమన్నరంట గద" అన్నాడు. రోగమే లేదన్నాక డాక్టరు దగ్గర పనేముందని నేను అన్నాను. వాడికీ అదే సబబు అనిపించింది. కళ్ళు పచ్చబడటం పైత్యమని తీర్మానించుకున్నాం. నీళ్ళు కాచే గిన్నె కడిగి బోర్లించాం.

తర్వాత కొన్ని వారాలు ఆ పిల్ల నాకు చేసిన సేవ నా కన్నకూతురు ఉన్నా చేసి ఉండేది కాదు. జావ చల్లార్చి నోట్లో పోసేది. ఒళ్ళంతా దురద పెట్టి నేను గోళ్ళతో గీక్కుంటుంటే, గోళ్ళు కత్తిరించి, వేపాకు నీళ్ళతో ఒళ్ళు తుడిచేది. "ఇన్నేండ్లకు అత్తమ్మ చేతులు కట్టేసిన" అని నవ్వేది. అవే నల్లా నీళ్ళు. నాకు పోసి, చెంబులో మిగిలినవి తను తాగేది. నీళ్ళు పారబోస్తే నేను ఊరుకోనని ఆమెకు తెలుసు.

జూలై నడిమికి నాకు ఆకలి తిరిగి వచ్చింది. దురద మాత్రం పోలేదు. మెట్లు దిగి ఎక్కితే గుండె దడదడలాడేది. అప్పటికి రెండు మూడు రోజులుగా ప్రమీల అన్నం దగ్గర ముఖం తిప్పుకుంటోంది, పగలు కూడా పడుకుంటోంది. ఏడో నెలలో అలాగే ఉంటుందని గల్లీలో ఆడవాళ్ళు అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. నీరసానికి టానిక్ ఏదైనా రాయించుకుందామని సుధాకర్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ ఆ మెట్లెక్కాను.

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"ఏమ్మా, అప్పుడే ఫోన్ చేయించాను గదా, రాలేదేం?"

"ఏ కామెర్లు కావన్నరు గద సారూ. ఇగ వచ్చి ఏం చేయాలె?"

"అవును, ఏ కాదు. ఈ."

"ఏ ఈ?"

"ఈ కామెర్లు."

నాకు చికాకు వేసింది. "ఏ కామెర్లు కాకపోతే ఈ కామెర్లు యాడికెల్లి వచ్చినయి సారూ?"

ఆయన నవ్వాడు. నా వెనక నిలబడ్డ సుధాకర్ కూడా నవ్వాడు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను. కుర్చీ ముందుకు లాక్కుని, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. కామెర్లలో రకాలు ఉంటాయట. వాటికి ఇంగ్లీషు అక్షరాలు పేర్లుగా పెట్టారట. ఏ ఒక రకం, బీ ఒక రకం. అలా వరసలో ఐదోది ఈ. మొదటి పరీక్షలో ఏ కాదని తేలింది. ఈ పరీక్ష కోసం నా రక్తాన్ని వేరే చోటికి పంపించాడు. అదే అని తేలింది. మేము మళ్ళీ వస్తే ఎదురుగా చెబుదామని ఆ చీటీ పెట్టుకున్నాడట. చెడ్డ నీళ్ళ వల్ల వస్తుంది. నాలాంటి వాళ్ళకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది.

"మీ కోడలు పుట్టింటికే వెళ్ళింది గదా?" అన్నాడు.

సుధాకర్ "ఇంట్లనే ఉన్నది సార్" అన్నాడు.

"ఎట్లా ఉంది?"

"పండుకునే ఉంటున్నది సార్. అన్నం తింటలేదు."

ఆయన లేచి నిలబడ్డాడు. డాక్టరు అలా లేస్తే ఏమిటో చదువు లేని వాళ్ళకు కూడా అర్థమవుతుంది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరం? ఆ రోజు ఆటో కదలలేదు. స్టేషను ముందు బండ్లన్నీ ఆగిపోయాయి. సుధాకర్ దిగి పరుగెత్తాడు. నేను ఆటోలో కూర్చుని మా ఇంట్లో చెంబును తలుచుకున్నాను. నేను ఇంటికి చేరేసరికి వాడు ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నేను వంగి ఆమె రెప్ప పైకెత్తి చూశాను. పసుపు ముద్ద.

"ఏంది అత్తమ్మా, గట్ల చూస్తున్నరు?" అంది. మాట ముద్దగా వచ్చింది.

ప్రసూతి దవాఖానలో చేర్చాక మా బతుకు వరండాలోకి మారింది. ఆడవాళ్ళను లోపలికి తీసుకుపోతారు, మనవాళ్ళు బండల మీద కూర్చోవాలి. తలుపు తెరిచి నర్సు ఎవరి పేరైనా పిలిస్తే, ఆ పేరు వాళ్ళు తప్ప మిగతా అందరూ ఊపిరి వదిలేవాళ్ళు. పిలిస్తే మంచి కబురో చెడ్డ కబురో తెలియదు. పిలవకపోతే అదీ భయమే.

మర్నాటికి ప్రమీల మనుషులను గుర్తుపట్టడం మానేసింది. నన్ను లోపలికి రానిచ్చినప్పుడు నా వైపు చూసి "టీచర్, నాకు లెక్కలు రావు" అంది. చిన్నప్పటి బడిలో ఉన్నట్టుంది. ఆ తర్వాత ఆ మాత్రం మాట కూడా లేదు.

మెదక్ నుంచి వాళ్ళమ్మ వచ్చింది. రాగానే నా ముందు కూలబడింది.

"సంచి సర్దుకున్న పిల్ల వదినా. ఎందుకు ఆపిన్రు?"

"నేను ఆపలే వదినా. తనే ఆగింది."

నిజమే చెప్పాను. కానీ అలాంటి నిజం కన్నతల్లి ముందు చెప్పాల్సింది కాదు. ఆమె నాతో చాలా కాలం మాట్లాడలేదు. నేను తప్పుపట్టను.

సుధాకర్ ఆ రెండో రోజే ఇంటికి వెళ్ళి సత్తన్న చొక్కా గల్లా పట్టుకున్నాడట. "ఏం చెప్పినవ్‌రా నువ్వు? ఏం చెప్పినవ్?" అని అరిచాడట. సత్తన్న తిరిగి చెయ్యెత్తలేదు. "విన్నది విన్నట్టే చెప్పిన అన్నా. నీ కాళ్ళు మొక్కుత, ఒక్క అక్షరం మార్చలే" అన్నాడట. సాయంత్రానికి డబ్బాకు తాళం వేసుకుని దవాఖానకు వచ్చి, మాకు దూరంగా స్తంభం చాటున కూర్చున్నాడు. రక్తం కావాలని నర్సు వచ్చి అడిగినప్పుడు ముందు లేచింది అతనే. సుధాకర్ అతని పక్కన నడుచుకుంటూ వెళ్ళాడు.

ఆ వరండాలో రజియా బీ అని ఒకామె ఉండేది. ఆమె కూతురు కూడా లోపలే ఉంది. నేను మంచినీళ్ళు ముట్టడం లేదని ఆమె కనిపెట్టింది. ఫ్లాస్కు తెచ్చి నా ముందు పెట్టింది. "మస్తు మరగబెట్టిన నీళ్ళమ్మా. నా కళ్ళ ముందు మరిగినయి. జర తాగు. నువ్వు పడిపోతే గా పిల్లను ఎవరు చూస్తరు?" అంది. నేను ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకునేదాన్ని కాదు. ఆ నీళ్ళు తీసుకుని తాగాను. అప్పుడు ఏడ్చాను. ఆమె నా తల తన భుజానికి ఆనించుకుంది.

నర్సు ఒక మధ్యాహ్నం మా పేరు పిలిచింది. నెలలు నిండకుండానే మగపిల్లవాడు పుట్టాడు. ఊపిరి లేదు. తల్లి రక్తం ఆగడం లేదు, ప్రార్థన చేసుకోండి అని చెప్పింది.

సుధాకర్ బిడ్డను చూడలేకపోయాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను చేతుల్లోకి తీసుకున్నాను. పాత చీర చింపి మసిగుడ్డ చేయడానికి కూడా నేను వెనకాడతాను. ఆ రోజు మాత్రం పెట్టె అడుగున దాచుకున్న కొత్త చీర తెప్పించి, సగానికి చింపి వాడికి చుట్టాను. మా మందిరం అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. సమాధుల తోటకు సుధాకర్, సత్తన్న వెళ్ళారు. మేమిద్దరు తల్లులం తలుపు దగ్గరే ఉండిపోయాం, లోపల ఇంకా ఒక ప్రాణం ఉంది గనక.

రక్తం ఆగింది. ఎట్లా ఆగిందో డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదు. రోజులు గడిచిన మీదట ఒక పొద్దున ప్రమీల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగిందని కబురు వచ్చింది. రజియా బీ కూతురు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. ఈ కబురు ఆమెకు చెప్పుకోలేకపోయాను.

ఇక్కడ నేను చెప్పవలసిన మాటలు చెప్పేస్తాను. నీళ్ళు గుడ్డతో వడపోస్తే చాలదు, మరిగించాలి. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త. డాక్టరు మాట ఇంకొకరి నోట వినకండి. కాళ్ళీడ్చుకుంటూ అయినా వెళ్ళి, ఎదురుగా కూర్చుని, అర్థమయ్యేదాకా అడగండి. మళ్ళీ రమ్మన్నారంటే వెళ్ళండి.

ఆ తర్వాత ఒకసారి ఆబిడ్స్ డాక్టరును అడిగాను. అనుకున్న రోజే ప్రమీల మెదక్ బస్సు ఎక్కి ఉంటే ఇదంతా తప్పేదా అని. "చెప్పలేనమ్మా. ఒంట్లో చేరాక బయటపడటానికి వారాలు పడుతుంది. అంతకు ముందు తాగిన నీళ్ళే కావచ్చు" అన్నాడు. నన్ను ఓదార్చాలని అన్నాడు. కానీ తప్పేదని చెప్పి ఉంటే ఒకటే బాధ ఉండేది, తప్పేది కాదని చెప్పి ఉంటే అసలు ఉండేది కాదు. ఇప్పుడు నాకు ఆ రెండు ఆలోచనలూ వంతులవారీగా వస్తుంటాయి. బజారులో ఎవరైనా "ఏ కూరగాయలు కావాలమ్మా?" అని అడిగితే ఒక్క క్షణం జవాబు రాదు. ఇన్నేళ్ళయినా అంతే.

ఇక మిగిలింది ఒక్కటే.

ప్రమీల కళ్ళు తెరిచాక, బలం వచ్చేదాకా బిడ్డ సంగతి చెప్పవద్దని డాక్టర్లు అన్నారు. అయ్యగారు తర్వాత నెమ్మదిగా చెబుతానన్నారు. "అద్దాల పెట్టెలో పెట్టిన్రు బిడ్డా" అని వాళ్ళమ్మ చెప్పింది. సుధాకర్ "బాగనే ఉన్నడు" అని చెప్పి, వెంటనే బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఎవరినీ ఎదురు అడగలేదు. నేను లోపలికి వెళ్ళినప్పుడు మంచం పక్కన స్టూలు చూపించి కూర్చోమంది.

"వాళ్ళందరు నాతోని అబద్ధం చెప్తున్నరు. మీకు అబద్ధం చెప్పుడు రాదు. చెప్పండ్రి అత్తమ్మా."

నేను చెప్పాను. ఎక్కడ పెట్టామో అది కూడా చెప్పాను.

ఆమె దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటూ పైకప్పు చూసింది.

"మీరు చూసిన్రా?"

"చూసిన. నా చేతులతోనే చుట్టిన."

"ఎట్లుండె?"

ఏం చెప్పాలి? ఏది చూశానో అదే చెప్పాను. "మంచిగుండె బిడ్డా. తల నిండ జుట్టు. నుదురు గిట్ల ముడుచుకొని, ఎవరి మీదనో కోపమొచ్చినట్టు ఉండె."

ఆమె తల తిప్పి నా నుదుటి వైపు చూసింది.

"కోపంగుండెనా? అయితే మీ పోలికే అత్తమ్మా."

అని ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను ఆమె వీపు మీద చేయి వేసి, బయటికి పొమ్మని గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నాను.